కర్టెన్ రాడ్ మూడేళ్ల వాడకం: నా గొడవంతా ఒకటిన్నర మిల్లీమీటర్ల మెట్టుతోనే

కొన్న కొత్తలో అడిగినవాళ్లకి అడగనివాళ్లకి కూడా ఈ రాడ్ కళ్లు మూసుకుని తీసుకోండి అని చెప్పింది నేనే. కొలత తప్పుతుందన్న భయం లేదు, కోయించక్కర్లేదు, లాగితే పెరుగుతుంది తోస్తే తగ్గుతుంది, ఇంకేం కావాలి అనుకున్నా. మూడేళ్లయింది. అప్పుడు చెప్పినవన్నీ అబద్ధాలేం కావు గానీ కొన్ని మాత్రం వెనక్కి తీసుకోవాలి.

మా హాల్లో కిటికీ పెద్దది, రాడ్ ఏడడుగులు కావాలి. ఎండ బాగా కొడుతుందని లోపల లైనింగ్ ఉన్న మందపాటి కర్టెన్లు కుట్టించాం, ఉతికి ఆరేశాక తూకం వేస్తే రెండూ కలిపి ఐదు కిలోల దాకా వచ్చాయి. అంత బరువుంటుందని కొనేటప్పుడు అస్సలు తట్టలేదు. అందరం గుడ్డ రంగు చూస్తాం, రాడ్‌కి మెరుపు చూస్తాం, బరువు ఎవరు చూస్తారు.

ఇక అసలు విషయం. ఇలాంటి రాడ్‌లో రెండు గొట్టాలుంటాయి కదా, మాదాంట్లో పైది 25 మిల్లీమీటర్లు, దాంట్లోకి దూరేది 22. అంటే పై గొట్టం అయిపోయిన చోట చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల మెట్టు. కంటికి ఆనదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది. కానీ కర్టెన్ రింగుకి మాత్రం అది గోడే. సన్న గొట్టం వైపు నుంచి లావు గొట్టం మీదకి లాగేటప్పుడు రింగు సరిగ్గా అక్కడికొచ్చి టక్ మని ఆగిపోతుంది. ఒకటి కాదు, ఒకదాని వెనకొకటి ఎనిమిది రింగులు. ఒక్క కుదుపు ఇస్తే ఒకటి ఎక్కుతుంది, ఇంకో కుదుపుకి ఇంకోటి. రోజూ పొద్దున తీసేటప్పుడు ఇదే తంతు, మా ఆయనైతే కింద కొస పట్టుకుని పిల్లలు గాలిపటం దారం లాగినట్టు లాగేవాళ్లు.

దానికి నేను చేసిన తెలివైన పని ఏంటంటే ఆ మెట్టు మీద సెల్లో టేపు చుట్టడం. వారం రోజులు అద్భుతం, వెన్నలా జారింది. తర్వాత టేపు అంచు లేచి, దానికి నూగు, దుమ్ము అంటుకుని నల్లటి కాలర్ లాగా తయారైంది, రింగులు ఇంకా గట్టిగా పట్టేసుకున్నాయి. తీసి మళ్లీ చుట్టా. అలా ఎన్నిసార్లు చుట్టానో లెక్కలేదు.

ఇంకోటి, మధ్యలో వంగడం. ఏడాది తిరక్కుండానే రాడ్ మధ్యలో కిందకి దిగింది. నాకే అలా అనిపిస్తుందేమో అని ఈ చివర నుంచి ఆ చివరకి దారం కట్టి చూశా, దగ్గర దగ్గర రెండు సెంటీమీటర్లు. అతుకు ఉన్న చోట రెండు గొట్టాల మధ్య కాస్త లూజు కూడా ఉంటుంది కాబట్టి ఒంపు సరిగ్గా అక్కడే కనపడుతుంది. దాంతో కర్టెన్లు వాటంతటవే మధ్యకి జారేవి, పక్కకి తోసి వంటింట్లోకి వెళ్లొచ్చేలోపు మళ్లీ ఓ జానెడు ముందుకొచ్చి కూర్చునేవి. ఇంట్లో దెయ్యం ఉందని మా బుడ్డోడు కొన్నాళ్లు నమ్మాడు, మేమూ వాడి నమ్మకాన్ని పాడు చెయ్యలేదు.

రెండో ఏడు సగంలో ఓ రాత్రి ధడేల్ మని శబ్దం. లేచొచ్చి చూస్తే కుడివైపు బ్రాకెట్ గోడ నుంచి ఊడి, అరచెయ్యంత ప్లాస్టరింగ్ పెచ్చుతో సహా సోఫా మీద పడుంది, కర్టెన్లన్నీ ఆ చివరకి జారి కుప్పగా ఉన్నాయి. "ఏమండీ, పొద్దున గట్టిగా లాగారా?" అంటే "రోజూ లాగినట్టే లాగా" అన్నారు. నిజమే, రోజూ లాగినట్టే లాగడం వల్లే పడింది.

మర్నాడు ఆ గుంత దగ్గర టార్చి వేసి చూస్తే కథంతా అర్థమైంది. కిటికీ మీద లింటెల్ ఉంటుంది కదా, అది కాంక్రీటు, కిటికీ అంచు దాటాక కూడా కొంత దూరం గోడలోకి వెళ్తుంది. అప్పుడు బిగించినాయన డ్రిల్ పెడితే ప్లాస్టరింగ్ దాటగానే కాంక్రీటు తగిలి బిట్టు ముందుకెళ్లలేదు. ఆయనేం చేశాడు, ప్లగ్గు, అదే స్క్రూ పట్టుకోడానికి బెజ్జంలో దూర్చే నైలాన్ గొట్టం, వెళ్లినంత లోపలికి కొట్టి, బయట మిగిలింది బ్లేడుతో కోసి, పైన బ్రాకెట్ పెట్టేశాడు. కోసిన ఆ తునక ఇప్పటికీ నా దగ్గర డబ్బాలో ఉంది, ఆ రోజు కింద దొరికితే ఎందుకో దాచా. అంటే స్క్రూ పట్టుకుంది ప్లాస్టరింగ్‌ని మాత్రమే. ఈ నైలాన్ ప్లగ్గు 1958లో ఆర్తుర్ ఫిషర్ అనే జర్మనాయన తయారుచేసింది, స్క్రూ తిరిగేకొద్దీ విచ్చుకుని చుట్టూ ఉన్నదాన్ని అదిమి పట్టుకుంటుంది. ఆ అదుముడుకి ఎదురు నిలవాలంటే చుట్టూ ఇటుకో కాంక్రీటో ఉండాలి. ప్లాస్టరింగ్ అయితే నెమ్మదిగా పొడైపోతుంది. పైగా మన బ్రాకెట్ గోడకి నాలుగంగుళాల ముందుకొచ్చి ఉంటుంది, మనం కర్టెన్‌ని ఒక్కసారి కుదిపితే పై స్క్రూని బయటికి పీకినట్టే. మెట్టు దగ్గర రింగు ఆగడం, మేం కుదపడం, ప్లగ్గు వెంట్రుకవాసి కదలడం, ఏడాదిన్నర పాటు రోజూ. ఎడమ బ్రాకెట్ చెక్కు చెదరలేదు, అటువైపు ప్లగ్గు పూర్తిగా దిగింది మరి.

బిగించినాయన మీద కోపం ఉంది, కాదనను. కానీ ఆ మెట్టు లేకపోతే ఆ సగం ప్లగ్గు మీద కూడా ఇంకో నాలుగేళ్లు గడిచేదని నా నమ్మకం.

ఈసారి అతుకు లేని ఒకటే గొట్టం తెచ్చా. 25 మిల్లీమీటర్లదే, కాకపోతే గొట్టం మందం 1.2 మిల్లీమీటర్లు. పాతదాని అంచు చూస్తే అందులో సగం కూడా లేదు. రెండూ చేత్తో పట్టుకుంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది, కొనేముందు ఎలాగైనా గొట్టం చివర మూత పీకి అంచు చూడండి. మెరుపు మోసం చేస్తుంది, అంచు చెయ్యదు. మధ్యలో మూడో బ్రాకెట్ కూడా పెట్టా. అదే బరువున్న గుడ్డకి, రెండు ఆనికల మధ్య దూరం సగం చేస్తే ఒంపు సగానికి తగ్గుతుందనుకునేదాన్ని, లెక్క వేస్తే పదహారో వంతుకి పడిపోతుందట. ఇప్పుడు దారం కట్టి చూస్తే రాడ్‌కీ దారానికీ మధ్య కాగితం కూడా దూరదు.

డ్రిల్లింగ్ నేనే చేశా. హ్యామర్ డ్రిల్ అరువు తెచ్చుకుని, 8 మిల్లీమీటర్ల బిట్టు మీద ఐదు సెంటీమీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టుకుని, ఆ టేపు గోడకి తాకేదాకా వదల్లేదు. కాంక్రీటులో ఒక్కో బెజ్జానికి చాలాసేపు పట్టింది, మధ్యమధ్యలో ఆపి బిట్టు చల్లారనిచ్చా. లోపలి పొడి బయటికి రావాలని స్ట్రా పెట్టి ఊదితే మొత్తం నా కళ్లలోకే వచ్చింది, మీరు ఊదకండి, పాత టూత్‌బ్రష్ చాలు. మూడు బ్రాకెట్లకీ రసమట్టం పెట్టి గీత గీశా కానీ మధ్యది వెంట్రుకవాసి పైకి వచ్చింది, నాకు తప్ప ఎవరికీ తెలీదు.

అన్నీ బాగున్నాయా అంటే, లేవు. మధ్య బ్రాకెట్ వల్ల కర్టెన్ ఇటు నుంచి అటు మొత్తం వెళ్లదు, ఎవరి సగంలో వాళ్లే ఉండాలి. ఎండ ఎడమవైపు నుంచి వచ్చే వేళ ఒక్క వైపే మొత్తం మూద్దామంటే కుదరదు. రింగులు జారేటప్పుడు ఇనుప చప్పుడు కూడా ఎక్కువే, బుడ్డోడు పడుకున్నప్పుడు దొంగలా తియ్యాలి. గొట్టాన్ని హ్యాక్సాతో కోసి ఆకురాయితో నున్నగా చెయ్యడం ఓ సాయంత్రం పని, ఇల్లు మారితే ఆ పొడవు ఎక్కడ పడుతుందో చూడాలి. ఎప్పుడూ ఇళ్లు మారేవాళ్లకి, పల్చటి గుడ్డలు వేసుకునేవాళ్లకి, నాలుగడుగుల్లోపు కిటికీలకి ఆ లాగుడు రాడ్డే సుఖమేమో. నాది పెద్ద కిటికీ, బరువు గుడ్డ, కర్టెన్ వెనక దాక్కునే పిల్లాడు, నెమ్మదిగా లాగడం రాని మొగుడు, అందుకని నాకు ఇదే కుదిరింది.

పాతది పారెయ్యలేదు. పూర్తిగా లోపలికి తోసేస్తే నాలుగడుగులకి వచ్చింది, పడగ్గదిలో చిన్న కిటికీకి పెట్టా. ఆ మెట్టు ఇప్పుడు బ్రాకెట్ పక్కన మూలకి చేరింది, అక్కడిదాకా రింగులు వెళ్లే పనే లేదు.