నీలిమందు తొట్టికి హైడ్రోస్, బెల్లం, ఫ్రక్టోజ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నీలిమందు నీటిలో కరగదు, కరగని రంగు నూలులోకి దిగదు. కాబట్టి ఇంట్లో నీలి అద్దకం చేయదలచినవారు ముందుగా క్షయకరణాన్ని, అంటే రంగుకు ఎలక్ట్రాన్లు అందించే చర్యను, సాధించాలి. క్షయకరణి నుంచి రెండు ఎలక్ట్రాన్లు అందుకున్న ఇండిగో (నీలిమందులోని రంగు పదార్థం) క్షారంలో కరిగే పసుపుపచ్చని ల్యూకో రూపంలోకి మారుతుంది. పోగుల్లోకి చేరాక గాలిలోని ఆక్సిజన్ తగిలి మళ్లీ నీలమవుతుంది.

రంగుల దుకాణాల్లో హైడ్రోస్ పేరుతో దొరికే సోడియం డైథయొనైట్ వేగంలో సాటిలేనిది. కాస్టిక్ సోడా కలిపిన 50 డిగ్రీల నీటిలో అది కొద్దిసేపట్లోనే పని ముగిస్తుంది. ద్రవం లేత పసుపుపచ్చగా తేలి, పైన రాగి మెరుపు పొర కడుతుంది. లెక్క ప్రకారం 10 గ్రాముల శుద్ధ ఇండిగోకు సుమారు 6.6 గ్రాములు చాలు. అయితే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, కలిపేటప్పుడు చేరే గాలి, బట్ట మడతల్లో దాగి వచ్చే గాలి కూడా దానిని ఖర్చు చేస్తాయి కనుక, నేను ఇండిగోతో సమానమైన బరువుతో మొదలుపెట్టి, ద్రవం రంగు చూస్తూ చిటికెడు చొప్పున పెంచుతాను. తక్కువైతే కరగని రేణువులు బట్టకు పైపైన అంటి, రుద్దగానే రాలిపోతాయి. ఎక్కువైతే మొదటి ముంపులో ఎక్కిన నీలాన్ని రెండో ముంపులో తిరిగి లాగేస్తుంది.

దీని నిల్వ మాత్రం నిజంగా ప్రమాదకరం. తేమ తగిలిన పొడి వేడెక్కి అంటుకోవచ్చు, ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వదలవచ్చు. పొడిని నీటిలో కొద్దికొద్దిగా చల్లాలి. పొడి మీద నీళ్లు పోయకూడదు. గాలి ఆడే చోటనే, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకునే ఈ పని చేయాలని గట్టిగా చెబుతున్నాను.

బెల్లం, సున్నం తొట్టి నిదానంగా నడుస్తుంది. బెల్లంలో అధిక భాగమైన సుక్రోజ్ క్షయకరణి కాదు. అందులో కొద్దిగా ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే పని చేస్తాయి. ఆ పాళ్లు దిమ్మకూ దిమ్మకూ మారతాయి కనుక ఒకసారి కుదిరిన కొలత మరోసారి కుదరదు. ఈ కారణంగానే ఫ్రక్టోజ్‌కు మారాను: నీలిమందు 1 పాలు, సున్నం 2 పాళ్లు, ఫ్రక్టోజ్ 3 పాళ్లు. ఇది నా వద్ద అత్యంత నిలకడగా నడిచిన కొలత. అడుగున పేరుకునే సున్నపు మడ్డి తగిలితే బట్టపై మచ్చలు పడతాయి. అందుచేత తొట్టి మధ్యలో వల కట్టి, బట్టను దాని పైననే ఉంచుతాను. దక్షిణాది అద్దకందారులు తగిరిస అనే మొక్క గింజలను ఉడికించి, సున్నంతో పులియబెట్టి సాధించినదీ ఈ క్షయకరణమే. అక్కడ పని సూక్ష్మజీవులది.

ఫ్రక్టోజ్ తొట్టిలో ద్రవం నీలం తిరిగినప్పుడు చెంచాడు ఫ్రక్టోజ్ వేసి, వేడి చేసి, మర్నాటి వరకు కదపకుండా ఉంచితే తొట్టి తేరుకుంటుంది. ఇంట్లో చేసేవారికి నా సిఫారసు ఇదే. ఒక్క రోజులో తొట్టి కట్టి, అద్దకం ముగించి, పారబోయవలసిన పనికి మాత్రమే హైడ్రోస్ కొంటున్నాను, అదీ చిన్న డబ్బా.