గాలీ నీరూ కలిసి వచ్చే చోట ఏ వరద బీమా మేలు?

హరికేన్ల కాలం దగ్గరపడుతుంటే అమెరికాలో హ్యూస్టన్, టాంపా వైపు ఉన్న మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: వరద బీమా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పథకంలో తీసుకోవాలా, ప్రైవేటు కంపెనీలోనా? మా ఇంటి పాలసీ ఈ మధ్యే మార్చుకున్నాను కనుక, నేను ఎటు మొగ్గానో, ఎందుకు మొగ్గానో చెబుతాను.

అందరూ ముందుగా చూసే లెక్కలతో మొదలుపెడదాం. ఎన్‌ఎఫ్‌ఐపీ అనే ఫెడరల్ పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు వస్తాయి. సామానుకు కట్టేది కొత్త ధర కాదు, అరుగుదల పోను మిగిలిన విలువ. ఇల్లు బాగయ్యేవరకు బయట అద్దెకుంటే ఆ ఖర్చు మనదే. ఇంటి అప్పు తీసుకునేటప్పుడు కాకుండా విడిగా కొంటే సాధారణంగా 30 రోజులు గడిచాకే అమల్లోకి వస్తుంది. ప్రైవేటులో పరిమితులు ఎక్కువ, చాలా పాలసీల్లో అద్దె ఖర్చు కూడా ఉంటుంది. అయితే ఒక పెద్ద తుఫాను తర్వాత ‘వచ్చే ఏడాది మీకు పాలసీ ఇవ్వం’ అని ప్రైవేటు కంపెనీ తప్పుకోగలదు. మీ ఊరు ఫెడరల్ పథకంలో ఉన్నంతకాలం ఆ భయం అక్కడ లేదు. ప్రీమియం మాత్రం ఇంటింటికీ మారుతుంది, రెండు చోట్లా అడిగి చూడవలసిందే.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించింది వేరు. తుఫాను వెళ్లాక నష్టం గాలిదా, నీటిదా అని ఎవరు తేలుస్తారు? అలా తేల్చడం వల్ల ఎవరి డబ్బు మిగులుతుంది?

2005 ఆగస్టు 29న కత్రినా తీరం దాటాక మిసిసిపి తీరంలో ఎన్నో ఇళ్లకు కింది కాంక్రీటు స్లాబు ఒక్కటే మిగిలింది. కప్పును గాలి లేపిందా, గోడల్ని ఉప్పెన కూల్చిందా అని చెప్పడానికి ఇల్లే లేదు. గాలి అంటే ఇంటి బీమా కంపెనీ కట్టాలి, నీరు అంటే ఫెడరల్ ఖజానా కట్టాలి. చిక్కేమిటంటే, 1983 నుంచి ఫెడరల్ పాలసీలను అమ్మి, వాటి క్లెయిములు చూస్తున్నవి చాలావరకు ఆ ఇంటి బీమా కంపెనీలే. ‘గాలి’ అని రాస్తే సొంత డబ్బు, ‘నీరు’ అని రాస్తే ప్రభుత్వ డబ్బు. కలం మాత్రం ఒకరి చేతిలోనే. నష్టాన్ని అంచనా వేసే అడ్జస్టర్లుగా పనిచేసిన ఇద్దరు అక్కచెల్లెళ్లు స్టేట్ ఫామ్ అనే బీమా కంపెనీ మీద వేసిన కేసులో, ఒక ఇంటి గాలి నష్టాన్ని వరద ఖాతాలో చూపారని 2013లో జ్యూరీ తేల్చింది. కంపెనీ 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ కేసును కొట్టివేయించుకోలేకపోయింది. అప్పటి సెనేటర్ ట్రెంట్ లాట్ అంతటివాడే పాస్కగూలాలో కొట్టుకుపోయిన తన ఇంటి కోసం బీమా కంపెనీ మీద దావా వేయవలసి వచ్చింది.

దీనికి తోడు చాలా ఇంటి పాలసీల్లో ఒక షరతు ఉంటుంది: నష్టంలో నీటి పాత్ర ఉంటే, గాలి తోడైనా, ఏది ముందొచ్చినా కట్టం అని. గాలి ముందే చేసిన నష్టం తర్వాత నీరొచ్చినంత మాత్రాన చెరిగిపోదని 2009లో మిసిసిపి సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ టెక్సస్‌లో రెండూ కలిసి చేసిన నష్టంలో గాలి వాటా ఎంతో వేరుచేసి చూపే భారం పాలసీదారుపైనే పడుతుంది. విశాఖలో హుద్‌హుద్ చూసిన మా బంధువులకు ఈ తగాదా వింతగా తోస్తుంది. అక్కడ ఇప్పుడు ఇళ్లకు ఇచ్చే భారత్ గృహ రక్షలో తుఫానూ వరదా ఒకే పాలసీలో ఉన్నాయి.

అందుకే ఉప్పెన చేరగల చోట నా ఓటు ప్రైవేటుకే. అందులోనూ ఇంటి పాలసీ ఇచ్చిన కంపెనీయే దానికి అనుబంధంగా ఇచ్చే వరద కవరేజీకి. గాలి అన్నా వాళ్లే కట్టాలి, నీరు అన్నా వాళ్లే కట్టాలి, కాబట్టి తోసేయడానికి రెండో కంపెనీ ఉండదు. పేచీ పూర్తిగా పోతుందని అనను. హరికేన్ డిడక్టబుల్, అంటే నష్టంలో ముందుగా మనమే భరించే మొత్తం, సాధారణంగా ఇంటి బీమా మొత్తంలో శాతంగా ఉంటుంది: 4,00,000 డాలర్ల ఇంటికి 2 శాతమంటే 8,000. వరదకు అది వేరేగా ఉండవచ్చు. వరద పరిమితి ఇంటి పరిమితితో సమానంగా లేకపోతే పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. రెండు కవరేజీలకూ పూచీ పడుతున్నది నిజంగా ఒకే కంపెనీయేనా అన్నది పాలసీ మొదటి పేజీలోనే చూసుకోవాలి.

టెక్సస్‌లో గాల్వెస్టన్ లాంటి తీర కౌంటీల్లో చాలామందికి ఈ దారి ఉండదు. అక్కడ గాలికి టీడబ్ల్యూఐఏ (టెక్సస్ తీరంలో గాలి బీమా ఇచ్చే సంస్థ) పాలసీ విడిగా కొనాలి. అలాంటప్పుడు ఫెడరల్ వరద బీమా తీసుకుని, నీటి మరకలు గోడ మీద ఎంత ఎత్తున ఉన్నాయో ఫొటోలు తీసి దాచండి. ఫెడరల్ క్లెయిముకు నష్ట ప్రమాణపత్రం సాధారణంగా 60 రోజుల్లోపు ఇవ్వాలి.

హ్యూస్టన్ దగ్గరి కేటీ లాంటి లోపలి ఊళ్ల సంగతి వేరు. 2017లో హార్వీ హరికేన్ అక్కడ ముంచింది వాననీటితో, జలాశయాల నీటితో. గాలి పేచీ పెద్దగా లేదు. అక్కడ ఫెడరల్ పాలసీ చాలు. ఇంటిని మళ్లీ కట్టడానికి 2,50,000 డాలర్లు దాటేలా ఉంటే, పైమొత్తానికి అదనపు వరద పాలసీ జోడించుకోవచ్చు.

గాలి వేగం ఇంత దాటితే ఇంత అని కట్టే పారామెట్రిక్ పాలసీలు డిడక్టబుల్ పూడ్చుకోవడానికి తప్ప దేనికీ సరిపోవు. విపత్తు సాయం చూసే ప్రభుత్వ సంస్థ ఫెమా ఇచ్చే సాయాన్ని నమ్ముకుని బీమా మానేయడం నేను లెక్కలోకే తీసుకోలేదు.