విశాఖ నుంచి బెజవాడ: మావయ్య లారీ నడిపిన రోడ్డు, మమ్మల్ని ముంచిన లాడ్జి

రాజమండ్రి శివార్లలో హైవే పక్కనున్న ఓ లాడ్జిలో ఒక్క రాత్రికి మేం కట్టింది 4,278 రూపాయలు. అంత కట్టినా మా మావయ్య ఆ రాత్రి కారులోనే పడుకున్నారు. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి. అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆయన కోసం. ఇంటికొచ్చి పది రోజులైనా ఆ మంట చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి మిగతా సంగతులు కూడా పనికొస్తాయి.

మావయ్య 1972లో క్లీనరుగా లారీ ఎక్కి, డ్రైవరై, 1998లో దిగారు. విశాఖ పోర్టు నుంచి గుంటూరుకి ఎరువుల లోడు, గుంటూరు నుంచి ఇటు మిర్చి బస్తాలు. అప్పుడది నేషనల్ హైవే 5. 2010లో దేశమంతా నంబర్లు మార్చినప్పుడు 16 అయింది. కోల్‌కతా నుంచి చెన్నై దాకా 1,700 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. అందులో దాదాపు వెయ్యి కిలోమీటర్లు మన రాష్ట్రంలోనే, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా. నంబరు మారినా మా ఇంట్లో మాత్రం అది ఇప్పటికీ ‘ఫైవ్ రోడ్డే’. వాజ్‌పేయి ప్రభుత్వం 1999లో స్వర్ణ చతుర్భుజి అనే నాలుగు వరుసల రోడ్ల పథకం మొదలుపెట్టేసరికి మావయ్య స్టీరింగు వదిలేశారు. అంటే నాలుగు వరుసల రోడ్డు మీద ఆయన లారీ నడపనే లేదు. “ఓసారి ఆ రోడ్డంట పోదాం రా” అని మా ఆయన్ని రెండేళ్ళుగా అడుగుతున్నారు. శుక్రవారం పొద్దున్న 5:30కి మర్రిపాలెంలో బయల్దేరాం. మేమిద్దరం, మావయ్య, అత్తయ్య, తొమ్మిదేళ్ళ మా బాబు.

బయల్దేరే ముందు మావయ్య కారు చుట్టూ తిరిగి, చేతికర్రతో నాలుగు టైర్లనీ ఒక్కో దెబ్బ కొట్టి శబ్దం విన్నారు. వెనక ఎడమ టైరు దగ్గర ఆగి మళ్ళీ కొట్టారు. “ఇందులో గాలి తక్కువుంది” అన్నారు. మా ఆయన నమ్మలేదు. దారిలో పెట్రోల్ బంకులో చూపిస్తే, మూడింట్లో 33 ఉంది, దాంట్లో 26. మా బాబు ఆ క్షణం నుంచి తాతయ్య పక్క వదల్లేదు.

మొదటి గొడవ ఊరు దాటకముందే. మా ఆయన పెందుర్తి మీదుగా వెళ్ళి ఆనందపురం-అనకాపల్లి బైపాస్ పట్టుకుందామంటారు. ఆరు వరుసలు, సిగ్నళ్ళు లేవు, సబ్బవరం మీదుగా అనకాపల్లి దగ్గర తేలుతుంది. మావయ్యకి గాజువాక మీదుగానే వెళ్ళాలి. చివరికి ఆయన మాటే నెగ్గింది. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అద్దంలోంచి కిందికి చూస్తూ, “ఇక్కడే లారీ ఆపి టీ తాగేవోళ్ళం, ఆ హోటలేదీ?” అని వెతుక్కున్నారు. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటి అనకాపల్లి చేరడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది, అదీ తెల్లవారుజామున. పనిమీద వెళ్ళేవాళ్ళు ఏ అనుమానం లేకుండా బైపాస్ ఎక్కండి. పొద్దున్న తొమ్మిది తర్వాత గాజువాక వైపు కారు తిప్పొద్దు.

అనకాపల్లిలో బెల్లం వాసన రోడ్డు మీదకే వచ్చేదట. ఇప్పుడు హైవే ఊరికి పక్కనుంచి పోతుంది, వాసన రాలేదు. మావయ్య మొహం చిన్నబోయింది. ఆయన్ని కాస్త కదిలించాలని శంకరం దగ్గర బొజ్జన్నకొండకి తిప్పాం. హైవే నుంచి కొద్ది దూరమే. బౌద్ధ భిక్షువులుండే సంఘారామమే వాడుకలో శంకరం అయిందంటారు. పక్కనున్న లింగాలకొండ మీద కొండరాతినే చెక్కి వరసగా చిన్న చిన్న స్తూపాలు చేశారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే కూర్చోవడం మేలు, అత్తయ్య అలాగే కూర్చున్నారు. పైనుంచి చూస్తే ఈ దారి ఎందుకిక్కడే ఉందో కళ్ళకి కడుతుంది. ఒకవైపు తూర్పు కనుమలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో సన్నటి నేల. శాలిహుండం, రామతీర్థం, తొట్లకొండ, శంకరం, అటు గుంటుపల్లి, అమరావతి, బౌద్ధ క్షేత్రాలు చాలావరకు ఈ కోస్తా దారికి దగ్గర్లోనే ఉన్నాయి. తర్వాత ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నుంచి కలకత్తాకి వేసుకున్న గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డూ ఈ వరసలోదే. చెన్నైలో దాన్ని ఇప్పటికీ జీఎన్‌టీ రోడ్డనే అంటారు.

యలమంచిలి, నక్కపల్లి, తుని సాఫీగా దాటిపోయాం. అన్నవరంలో దర్శనం గంటన్నరలో అయింది. ప్రసాదం గురించి చెప్పకపోతే తప్పు. ఎర్ర గోధుమ నూక, పంచదార, నెయ్యి, యాలకులు, ఇంతే. ఆకు పొట్లం విప్పగానే ముందు ఆకు వాసన, వెనకే నెయ్యి వాసన వస్తాయి. వేడి మీద పొట్లం కట్టడంతో ఆకు అంచుల్లో నూక అంటుకుని ఉంటుంది. అత్తయ్య దాన్ని గోటితో గీరి మరీ తిన్నారు. కొండెక్కే తీరిక లేనివాళ్ళకి కింద హైవే పక్కన కూడా దేవస్థానం కౌంటర్లలో దొరుకుతుంది.

సాయంత్రానికి రాజమండ్రి పుష్కర ఘాట్. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని పక్కన విల్లుల్లాంటి కొత్త రైలు వంతెన, అవతల రోడ్డు కం రైలు వంతెన. ఈ మూడోదాన్ని చూపిస్తూ మావయ్య గంటసేపు మాట్లాడారు. అది 1974లో తెరిచినప్పుడు ఆయన క్లీనరు. పైన లారీ, కింద రైలు ఒకేసారి పోతుంటే క్యాబిన్‌లో ఒళ్ళు జలదరించేదట. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు రాజానగరం దగ్గర మూడు రోజులు లారీ కదల్లేదట. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రోడ్డు మీదకే అన్నం వండి తెచ్చారని చెప్తుంటే ఆయన గొంతు మారింది. నా పెళ్ళై పన్నెండేళ్ళు. ఆయన అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇక లాడ్జి. పెళ్ళిళ్ళ సీజను, ఊళ్ళో రూములు దొరక్క యాప్‌లో హైవే పక్కన రెండు ఏసీ రూములు బుక్ చేశాను, ఒక్కోటి 1,499. ముందే ఫోన్ చేసి, పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు, కింద గది కావాలని అడిగాను. “తప్పకుండా మేడం” అన్నాడు. రాత్రి 9 గంటలకి చేరితే కింద గదులు లేవు, మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు. అత్తయ్య ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయారు. కౌంటర్ కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు తప్ప సంచి కూడా అందుకోలేదు.

పైకి వెళ్ళాక అసలు లెక్క మొదలైంది. బాబుకి ఎక్స్‌ట్రా బెడ్ 600 అన్నాడు. యాప్‌లో చిన్నపిల్లలకి ఉచితమని రాసుందని చూపిస్తే, “అది యాప్‌వాళ్ళ మాట, మాది కాదు” అన్నాడు. ఏసీ రిమోట్ కావాలంటే గదికి 300. ఏసీ గదికే కదా డబ్బు కట్టాం అంటే, రిమోట్ వేరే అన్నాడు. 20 రూపాయల నీళ్ళ సీసా 40. వచ్చిన పరుపు తడిగుడ్డ ముక్కిన వాసన. కిటికీ తెరిస్తే కింద వంటింటి పొగ, మూస్తే ఉక్క. రిమోట్ వచ్చింది గానీ మావయ్యవాళ్ళ గదిలో ఏసీ గాలే తప్ప చల్లదనం లేదు. వేరే గది అడిగితే “పొద్దున్న మెకానిక్ వస్తాడు” అన్నాడు. పొద్దున్నకి మేమెక్కడుంటాం? మా ఆయన “ఒక్క రాత్రికి సర్దుకుందాం” అన్నారు. నాకు లాడ్జి వాడికన్నా ఆ మాట మీదే ఎక్కువ కోపం వచ్చింది.

తెల్లవారుజామున 4 గంటలకి మెలకువొచ్చి చూస్తే మావయ్య గదిలో లేరు. కంగారుగా కిందికి పరిగెత్తాను. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి ఉంది, ఆయన తువ్వాలు దాని మీదుంది. రోడ్డవతల టీ బడ్డీ దగ్గర నలుగురు లారీ డ్రైవర్లతో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చారు. “ఇరవై ఆరేళ్ళు క్యాబిన్‌లో పడుకున్నోణ్ణమ్మా, నాకేటి కష్టం. మీ అత్తకే పాపం ఉక్క” అన్నారు. ఆ డ్రైవర్లలో ఒకాయనది శ్రీకాకుళం వైపు ఊరు. రాత్రి రోడ్డు పక్కన ఆపితే డీజిల్ తీసేస్తారని భయం, అందుకే వెలుతురున్న చోట, టీ బడ్డీల దగ్గరే ఆపుతామన్నాడు. మావయ్య శ్రద్ధగా విని, మా రోజుల్లో తాడు కోసి మిర్చి బస్తా లాగేసేవారు అన్నారు. నేను టీ తాగుతూ ఏడ్చాను. చీకట్లో ఆయనకి కనపడలేదు.

బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చాడు. దాన్ని ఫోటో తీసుకున్నాను. బుకింగ్ పేజీ, ఉచితమని రాసున్న చోటు కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. మీరూ తప్పకుండా అలా చెయ్యండి. ఇంటికొచ్చాక 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. తొమ్మిదో రోజున యాప్‌వాళ్ళు 1,200 వెనక్కి వేశారు, పరుపుదీ రిమోట్లదీ. అత్తయ్య ఎక్కిన మెట్లకి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వరు. పెద్దవాళ్ళతో వెళ్తే హైవే పక్కన తెలియని లాడ్జి వద్దే వద్దు. ఊళ్ళోకి నాలుగైదు కిలోమీటర్లు పోయినా సరే, గది చూశాకే డబ్బు కట్టండి.

మర్నాడు వేమగిరి దాటి కడియపులంక నర్సరీల మధ్య నుంచి వెళ్తుంటే అత్తయ్య మొహం తేటపడింది. కనకాంబరం మొక్కలు నాలుగు, 120 రూపాయలు. జొన్నాడ దగ్గర గోదావరి పాయ గౌతమి దాటి రావులపాలెం. అక్కణ్ణుంచి పూతరేకుల కోసం ఆత్రేయపురం పక్కకి పోవాలి. బోర్లించిన కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డని ఒక్కసారి లాగి, రెప్పపాటులో రేకు లేవదీస్తారు. 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నెయ్యి, బెల్లం పూతరేకులు పది ఉన్న పెట్టె 250. చక్కెరవి కొనొద్దు, బెల్లంవే కొనండి.

భీమడోలు దగ్గర మధ్యాహ్నం భోజనం ఈ ప్రయాణానికే పండగ. తెల్లారి టీ దగ్గర డ్రైవర్లు చెప్పిన చోటు అది. రేకుల షెడ్డు, ఆరు బల్లలు, బోర్డు లేదు. కొల్లేరు పక్కనే కాబట్టి చేపకి లోటు లేదు. బొమ్మిడాయిల పులుసు మట్టి దాకలోంచి గరిటెతో తీసి వడ్డిస్తే, చింతపండు పులుపు వెనకాల మెంతుల చేదు సన్నగా తగిలింది. ముక్క విరగలేదు, వెన్నుముల్లు ఒక్క లాగుకి ఊడొచ్చింది. భోజనం 220. రెండోసారి పులుసుకి డబ్బు తీసుకోలేదు. వండినావిడ అత్తయ్య కుంటుతూ రావడం చూసి, పీట తెచ్చి కాళ్ళ కింద వేసింది. రాత్రి 4,278 రూపాయలకి దొరకనిది ఇక్కడ అడక్కుండానే దొరికింది. మావయ్య వెళ్ళేటప్పుడు ఆవిడకి రెండు చేతులూ జోడించారు.

బెజవాడలో అంతా బాగా జరిగింది. అమ్మవారి దర్శనం, ప్రకాశం బ్యారేజీ, బంధువుల ఇంట్లో పడక.

ఖర్చులు కూడా చెప్తాను. పెట్రోల్ మొత్తం 5,700. అనకాపల్లి దాటాక వేంపాడు, కృష్ణవరం, ఈతకోట, ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు టోల్ గేట్లు తగులుతాయి. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకోండి. 24 గంటల్లోపు తిరిగొచ్చేస్తే రానూపోనూ కలిపి తగ్గుతుంది, రెండు మూడు రోజులుండేవాళ్ళకి అది వర్తించదు. దారిలో బండి ఆగిపోతే 1033కి, అంటే హైవే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి.

వచ్చేటప్పుడు మా ఆయన బైపాసే పట్టారు. ఆరు వరుసల మీద కారు జారిపోతోంది. మావయ్య చాలాసేపు బయటికి చూసి, “ఏటమ్మా ఇది, ఒక్క ఊరూ ఆనవాలు తెలీదేటి?” అన్నారు. సబ్బవరం బోర్డు కనపడగానే నిటారుగా కూర్చున్నారు. ఇల్లు చేరి సంచులు దింపుతుంటే మా బాబు కర్రతో టైర్లు కొడుతున్నాడు. మావయ్య వాడి పక్కన నిలబడి వింటూ, “ఈసారి ఇచ్ఛాపురం వైపు పోదాం” అన్నారు. “పొద్దున్నే ఎల్లి రాత్రికి వచ్చేద్దాం, ఎక్కడా గది తియ్యొద్దు. మీ అత్త మెట్లు ఎక్కలేదు.”