జైపూర్‌లో రాళ్ళ దండలు కొన్నాం, ఇంటికొచ్చి కుకీల కాటా మీద తూచాం

జైపూర్ వెళ్ళొచ్చి మూడు వారాలైంది, ఆ 8,400 రూపాయలు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండిపోతోంది. ఫిరోజా అని, అదే మనం టర్కాయిస్ అంటామే ఆ ఆకాశం రంగు రాయి, అది అని చెప్పి ఒకాయన 8 దండలు అంటగట్టాడు. అవి ఫిరోజా కాదు, పైగా తూకంలో కూడా కొట్టాడు. నాలాగా ఇంట్లో కూర్చుని నగలు గుచ్చి అమ్ముకునేవాళ్ళు ఎవరైనా అక్కడికి బయల్దేరే ముందు ఇది చదవాలనే రాస్తున్నా. జైపూర్ వెళ్ళొద్దనట్లేదు, తప్పకుండా వెళ్ళండి, కానీ మొదటి రోజు మేం చేసినట్టు మాత్రం చెయ్యకండి.

మూడేళ్ళుగా హైదరాబాద్‌లో ఈ పని చేస్తున్నా. ముత్యాలు కావాలంటే చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీకి వెళ్తే చాలు, రంగు రాళ్ళ పూసలే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటూ వచ్చాను, ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు. ఈసారి క్రిస్మస్‌కీ సంక్రాంతికీ కలిపి ఆర్డర్లు బాగా వచ్చాయి, అందులో మూడు ఫిరోజా గొలుసులు, ఒక్కోదానికి 600 అడ్వాన్స్ కూడా తీసుకున్నా. సరే నేరుగా వెళ్ళి కొందామని డిసెంబర్ రెండో వారంలో బయల్దేరాను. గుంటూరు నుంచి పిన్ని కూడా వస్తానంది, బాబాయి పోయాక ఆవిడ ఊరు దాటలేదు, ఎలాగూ క్రిస్మస్‌కి మా ఇంట్లోనే ఉంటుంది కదా అని తీసుకెళ్ళాను. ఇద్దరికీ ఫ్లైట్ రానూపోనూ 22,640.

రూము సింధీ క్యాంప్ బస్టాండ్ దగ్గర, రోజుకి 1,850, నాలుగు రాత్రులకి 7,400. 24 గంటలూ వేడినీళ్ళు అని బుకింగ్‌లో రాసుంది. తీరా వెళ్తే పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకానే వస్తాయట, ఆ తర్వాత కావాలంటే బకెట్ 30 రూపాయలు. డిసెంబర్‌లో జైపూర్ చలంటే మన చలి కాదు, గచ్చు మీద కాలు పెడితే నరాలు జివ్వుమంటాయి. రెండో దుప్పటి అడిగితే రోజుకి 100 అన్నారు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, రెండు స్వెట్టర్లు వేసుకుని ముడుచుకుని పడుకుంది, పొద్దున టీ తాగేదాకా నాతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు 8 బకెట్లు, దుప్పటి కలిపి 640 అదనంగా కట్టించుకున్నారు. శుభ్రంగానే ఉంది, కాదనను, కానీ డబ్బు తీసుకున్నాక చలికాలంలో ముసలావిడకి నీళ్ళు కొలిచి పొయ్యడం ఏం పద్ధతి?

ఇక అసలు కథ. మొదటి రోజు సోమవారం పొద్దున నగలూ రాళ్ళూ అమ్మే జోహరీ బజార్‌కి 150కి ఆటో మాట్లాడుకున్నాం. సగం దారిలో డ్రైవర్, దీదీ, ఇవాళ ఊరేగింపు ఉంది, పన్నెండు దాకా షాపులు తెరవరు, ఈలోపు ఒక ఫ్యాక్టరీ చూపిస్తా, బజార్ వాళ్ళందరూ సరుకు అక్కడే కొంటారు అన్నాడు. నేను సరే అన్నాను. అక్కడే తప్పు చేశాను.

లోపల ఏసీ, వెల్వెట్ ట్రేలు, ఒక మూల సాన చక్రం తిప్పుతూ ఒకతను. కూర్చోగానే టీ, బిస్కెట్లు, బెహన్‌జీ బెహన్‌జీ అని ఒకటే మర్యాద. పిన్ని టీ ముట్టుకోలేదు. "అడక్కుండానే ఇంత చేస్తున్నారేంటే" అని నా చెవిలో అంది. నేను వినలేదు, నా కళ్ళు ఆ నీలం దండల మీదే ఉన్నాయి, నల్లటి గీతలతో నిజంగా అందంగా ఉన్నాయి. గ్రాము 30 రూపాయలు, 8 మిల్లీమీటర్ల పూస, 16 అంగుళాల దండ అన్నాడు. ప్లాస్టిక్ డబ్బాలో వేసి కాటా మీద పెట్టాడు, 280 గ్రాములు చూపించింది. డబ్బా బరువు తీశారా అని అడగాలని తట్టలేదు. బిల్లు ఇచ్చాడు, మడిచి పర్సులో పెట్టుకున్నా. మళ్ళీ ఎక్కాక ఆటో అతను అనుకున్న 150 కూడా వద్దన్నాడు, అప్పుడైనా అర్థం కావాల్సింది కదా, వాడి కమీషన్ మా బిల్లులోనే ఉందని!

పదకొండున్నరకి జోహరీ బజార్‌లో దిగాం, షాపులన్నీ తెరిచే ఉన్నాయి, ఊరేగింపూ లేదు ఏమీ లేదు.

రెండో రోజు నుంచి ఆటో మానేశాం. సింధీ క్యాంప్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే బడీ చౌపడ్, బయటికి రాగానే జోహరీ బజార్. ఆటో అడిగిన దాంట్లో ఐదో వంతు కూడా కాలేదు, మధ్యలో ఫ్యాక్టరీ చూపించేవాళ్ళూ ఎవరూ లేరు. ఆదివారం మాత్రం వెళ్ళకండి, హోల్‌సేల్ వాళ్ళు చాలామంది మూసేస్తారు.

జోహరీ బజార్ మెయిన్ రోడ్డు మీద ఎక్కువగా బంగారం, కుందన్ షాపులు, పూసలు కావాలంటే గోపాల్‌జీ కా రాస్తా అనే సందులోకి వెళ్ళాలి. ఇరుకు మెట్లెక్కి పై అంతస్తులో ఒక చిన్న గదికి వెళ్ళాం, కింద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, గోడ నిండా మేకులకి దండలు గుత్తులు గుత్తులుగా. డెబ్భై దాటిన పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఏది అడిగినా ట్యూబ్‌లైట్ కింద చూపించలేదు, లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూడమన్నాడు. ముదురు పసుపు సిట్రిన్ దండ నాకు బాగా నచ్చింది. ఆయనేమో, బేటీ, ఇది అమెథిస్ట్ అనే ఊదా రంగు రాయిని కాల్చి తెచ్చిన పసుపు, రాయి అసలైనదే, నష్టం లేదు, కానీ నువ్వు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి ఆ మాట చెప్పు అన్నాడు. అమ్ముకునేవాడు తన సరుకు గురించి తనే అలా చెప్పడం నేనెక్కడా చూళ్ళేదు. లాపిస్, అదే ముదురు నీలం రాయి, అడిగితే దూది తడిపి ఒక పూస మీద రుద్ది చూపించాడు, నీలం అంటింది, ఈ గుత్తి తీసుకోవద్దు, రంగేసింది అని పక్కన పడేశాడు.

ఆయన దగ్గర అమెథిస్ట్ 8 మిల్లీమీటర్లవి దండ 620 చొప్పున ఆరు, సాన పట్టిన చిన్న గార్నెట్ 340 చొప్పున పది, రోజ్ క్వార్ట్జ్ 180 చొప్పున ఆరు, లాబ్రడొరైట్ 450 చొప్పున ఐదు తీసుకున్నా. మొత్తం 10,450, బేరం ఆడకుండానే 250 తగ్గించాడు. అదే అమెథిస్ట్ నేను ఆన్‌లైన్‌లో 950కి కొనేదాన్ని. ప్రతి గుత్తికీ చీటీ కట్టి దాని మీద రాయి పేరు, అంగుళాలు, గ్రాములు రాసిచ్చాడు. ముందు రోజు కొన్న నీలం దండలు రూములోనే ఉండిపోయాయి, వెంట తెచ్చుంటే ఆయనకే చూపించేదాన్ని.

హవా మహల్, ఆమేర్ కోట చూశాం, బాగున్నాయి, వాటి గురించి అందరూ రాస్తారు. హవా మహల్‌కి 953 కిటికీలని చెప్తే పిన్ని ఎదురుగా మెట్ల మీద కూర్చుని కాసేపు లెక్కపెట్టి వదిలేసింది. పొద్దున తిన్న ఉల్లి కచోరీ మాత్రం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది.

మూడో రోజు సాయంత్రం తిరిగొస్తుంటే ఒక తోపుడు బండి కనిపించింది. మోకాళ్ళు మోకాళ్ళు అంటూ ప్రతి అరుగు మీదా కూర్చుంటూ వచ్చిన పిన్ని ఆ బండి దగ్గర అరగంట నిలబడింది. నాన్‌ఖటాయి బండి అది. కింద బొగ్గులు, పైన పళ్ళెం, ఆ పళ్ళేనికి మూత, మూత మీద మళ్ళీ నిప్పులు. మూత తీయగానే నెయ్యి, యాలకుల వాసన చలిగాలిలో గుప్పుమంది, లోపల పువ్వుల్లా విచ్చిన బిస్కెట్లు. పావు కిలో 80. పిన్నికి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు, అయినా వేళ్ళు చూపించుకుంటూ మైదా ఎంత, శనగపిండి ఎంత, రవ్వ వేస్తారా లేదా మొత్తం లాగేసింది. పళ్ళెంలోంచి తీసేటప్పుడు మెత్తగానే ఉండాలి, చల్లారాకే గట్టిపడతాయి అని ఆయన వేలితో నొక్కి చూపించాడు. ఆ ప్రయాణం మొత్తంలో పిన్ని మనస్ఫూర్తిగా నవ్వింది అక్కడే.

వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇంకో దెబ్బ. రాళ్ళు చెక్ఇన్‌లో వెయ్యడం ఎందుకని అన్నీ హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టా, అది సరే, బ్యాగ్ తెరిపించి చూసి పంపించేశారు. కానీ అందులోనే అక్కడ 340కి కొన్న వైరు వంచే పట్టకారు ఉండిపోయింది, పనిముట్లు లోపలికి తీసుకెళ్ళకూడదని తీసేసుకున్నారు. పట్టకార్లు, కటింగ్ ప్లేయర్లు కొంటే పెద్ద బ్యాగ్‌లోనే వెయ్యండి.

ఇంటికొచ్చాక 22వ తారీఖు కుకీల పని మొదలుపెట్టాం. చర్చిలో పిల్లలకి పంచడానికి ప్రతి ఏడూ పిన్నే చేస్తుంది. గులాబీ పువ్వులు నూనెలో వేయించేవి కాబట్టి అవి చివర్లో, ముందు ఓవెన్ పని. బటర్ కుకీకి ఆవిడ లెక్క ఎప్పుడూ తూకమే, మూడు పాళ్ళు మైదా, రెండు పాళ్ళు వెన్న, ఒక పాలు పంచదార పొడి. కప్పుతో కొలిస్తే ఒక్కోసారి పిండి నొక్కుకుపోయి ఎక్కువ పడుతుంది, కుకీ గట్టిపడిపోతుంది అంటుంది. 600 గ్రాముల మైదా, 400 వెన్న, 200 పంచదార. దానికోసమే నా దగ్గర చిన్న డిజిటల్ కాటా ఉంది. పిండి కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాం, ఈలోపు నేను అదే బల్ల మీద దండలు పరుచుకుని సర్దుకుంటున్నా.

కాటా ఖాళీగా కనిపించింది, ఊరికే ఆ ఎనిమిది నీలం దండలు దాని మీద పెట్టా. 226. పిండేమైనా అంటుకుందేమో అని తుడిచి సున్నా చేసి మళ్ళీ పెట్టా. 226. బిల్లులో 280. అంటే 54 గ్రాములు, 1,620 రూపాయలు, ఆ డబ్బా బరువుకి నేను కట్టిన డబ్బు. టేపు తెచ్చి కొలిస్తే దండ పదహారు కాదు, పదమూడున్నర అంగుళాలు. 8 మిల్లీమీటర్ల పూసలు 16 అంగుళాలకి 50 రావాలి, నా దండలో 42 ఉన్నాయి. లెక్కపెడుతుంటే చేతులు వణికాయి.

పిన్ని చేతులు కడుక్కుని వచ్చి, ఆ పెద్దాయన దూదితో చేశాడు చూడు, అలా చెయ్యి అంది. తడి దూదికి ఏమీ అంటలేదు, కాస్త ధైర్యం వచ్చింది. నెయిల్ పాలిష్ రిమూవర్ తడిపి రుద్దితే దూది నీలంగా మారింది. ఒక పూస గుడ్డలో చుట్టి పప్పుగుత్తితో పగలగొట్టాం, లోపల తెల్లగా సున్నపు ముక్కలా ఉంది, నీలం అంచు పొరలోనే. తర్వాత మా దగ్గర రాళ్ళు తెలిసిన ఒకాయన చూసి హౌలైట్ అన్నాడు. తెల్ల రాయి, బూడిద రంగు గీతలతో ఉంటుంది, రంగుని ఇట్టే పీల్చుకుంటుంది, అందుకే ఫిరోజా పేరుతో ఇదే ఎక్కువగా తిరుగుతుందట. గట్టిదనం మోస్ స్కేల్ (అంకె పెరిగేకొద్దీ రాయి గట్టిది) మీద 3.5, ఫిరోజా 5 నుంచి 6, చాకు మొనతో గీస్తే తేడా తెలిసిపోతుంది. నేను ఒక్క పూస గీయించి చూసుంటే సరిపోయేది. గ్రాము 30కి మంచి ఫిరోజా రాదని కూడా ఆయనే చెప్పాడు.

ఆ గొడవలో మొదటి ట్రే కుకీల అంచులు మాడాయి, పిన్ని ఏమీ అనలేదు, రెండో ట్రే పెట్టి 170 డిగ్రీల దగ్గర కాపలా కూర్చుంది.

షాపుకి ఫోన్ చేశా. రాయి నేచురలే, బిల్లులో ఏముందో చదువుకోండి అన్నాడు. అప్పుడు మడత విప్పి చూశా, "బ్లూ బీడ్స్, 280 గ్రాములు" అని ఉంది, ఫిరోజా అనే మాటే లేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేసి తూకం సంగతి కంప్లైంట్ రాయించాను. మీరు మాత్రం రాయి పేరు, రంగు వేసిందా లేదా అన్నది బిల్లు మీద రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి, రాయనంటే లేచి వచ్చేయండి. ఒక చిన్న కాటా, టేపు, నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తడిపిన దూది డబ్బాలో పెట్టుకుని వెళ్ళండి, ఎవరేమనుకున్నా పర్లేదు. రాయి ఖరీదైనదైతే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి, జైపూర్‌లో రాళ్ళు పరీక్షించే ల్యాబ్ ఉంది.

తర్వాత గోపాల్‌జీ కా రాస్తా పెద్దాయన ఇచ్చినవి కూడా భయంతోనే తూచాను. అమెథిస్ట్ ఆరు దండలు, చీటీలో 204, కాటా మీద 205. పిన్ని తలూపి నాన్‌ఖటాయి పిండి ఉండలు చెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఫిరోజా ఆర్డరిచ్చిన ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పి అడ్వాన్స్ తిరిగిస్తానన్నా. ఇద్దరు తీసుకున్నారు. మూడో ఆవిడ, పోనీ ఆ అమెథిస్ట్‌తో చెయ్యమ్మా, నాకు అదీ ఇష్టమే అంది. 24వ తారీఖు పొద్దున ఆవిడ గొలుసు, పావు కిలో నాన్‌ఖటాయి ఒకే డబ్బాలో సర్ది పంపించాను.