డూమ్ ఎటర్నల్: నాలుగేళ్ళు తిట్టుకుంటూనే ఆడాను

ముందే చెప్తున్నా, డూమ్ ఎటర్నల్ అనే ఈ రాక్షసుల్ని కాల్చే వీడియో గేమ్‌ని రెండుసార్లు డిలీట్ చేశాను. మొదటిసారి కోపంతో, రెండోసారి సెమిస్టర్ పరీక్షల భయంతో. రెండుసార్లూ మళ్ళీ ఎక్కించుకున్నాను, అదీ 50 జీబీ. ఈ రోజు లెక్క చూస్తే 310 గంటలు చూపిస్తోంది. కాబట్టి కింద తిట్లు కనిపిస్తే ఇష్టం ఉన్నవాడి తిట్లని అనుకోండి.

2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ని మన దేశంలో నిషేధించారు కదా, ఆ దెబ్బకి కందుకూరులో మా బ్యాచ్ మొత్తానికీ సాయంత్రాలు ఖాళీ అయిపోయాయి. ఆన్‌లైన్ క్లాసుల పేరు చెప్పి నాన్న చేత కొనిపించిన ల్యాప్‌టాప్ అప్పటికే చేతిలో ఉంది, 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్. డిసెంబరు సేల్‌లో ఇది కొన్నాను. ఆట విడుదలైంది ఆ ఏడాది మార్చి 20న, జనతా కర్ఫ్యూకి సరిగ్గా రెండు రోజుల ముందు. అంటే లోకమంతా ఇంట్లో కూర్చుని ఆడేసి పక్కన పెట్టేశాక నేను మొదలుపెట్టానన్నమాట. మా ఇంట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి ఒకటిన్నర జీబీ, ఆ లెక్కన దించుకోవాలంటే నెల పైమాటే. అందుకని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా అత్త వాళ్ళింటికి పోయాను. చేపల పులుసు కోసం వచ్చాననుకుంది అత్త. అదీ నిజమే గానీ అసలు పని వైఫైతో.

ఆ రాత్రి మా బావ పక్కన కూర్చుని చూస్తున్నాడు. మొదటి లెవెల్లో ఐదు నిమిషాలు కాలేదు.

"కాల్చరాదా, ఎదురుగా ఉంటే చూస్తావేందిరా?"

"బుల్లెట్లు లేవు బావా."

"అప్పుడే? ఏం ఆటరా ఇది, గన్నిచ్చి గుళ్ళివ్వకుండా!"

ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఈ ఆట మీద లోకంలో ఉన్న సగం ఫిర్యాదు ఆ ఒక్క మాటలోనే ఉంది. మొదట్లో షాట్‌గన్‌లో పట్టేవి 16 తూటాలు. సూపర్ షాట్‌గన్ దొరికాక అది ఒక్కో దెబ్బకి రెండు తింటుంది. మీదికొచ్చే రాక్షసులేమో గుంపులు గుంపులు. మరి ఎట్లా? చిన్న రాక్షసుణ్ణి చైన్‌సాతో, అంటే మోటారు రంపంతో, కోస్తే తూటాలు రాలతాయి. దెబ్బలు తిని తూలుతున్నవాడి మీదపడి చేతులతో చంపితే, దాన్నే గ్లోరీ కిల్ అంటారు, ప్రాణం రాలుతుంది. భుజం మీద ఉన్న మంటల గొట్టంతో అంటించి కొడితే ఆర్మర్, అంటే కవచం, రాలుతుంది. అంటే నీకు కావలసినవన్నీ శత్రువుల ఒంట్లోనే ఉన్నాయి, వెళ్ళి తెచ్చుకోవాలి. మూల నక్కి కూర్చుంటే ఎవడూ తెచ్చి ఇవ్వడు.

పబ్జీలో రెండేళ్ళు గడ్డిలో పడుకుని బతికిన నాకు ఇది అసలు ఎక్కలేదు. ప్రాణం తగ్గగానే గోడ చాటుకి పరిగెత్తేవాణ్ణి, అక్కడికి కకోడీమన్ అనే రాక్షసి ఎగురుకుంటూ వచ్చి కొరికేది, చచ్చేవాణ్ణి, మళ్ళీ అదే గోడ చాటు. కాలు కాలిన పిల్లిలా ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ ఉంటేనే ఇందులో బతుకు. రెండు డాష్‌లు, అంటే ఒక్క ఉదుటున దూసుకుపోవడాలు, రెండు గెంతులు, మీట్ హుక్ వచ్చాక ఆ కొక్కెం వాడికి తగిలించి గాల్లో వేలాడుతూ వాడి మొహం మీదికే పోవడం. ఇదంతా చేతులకి అలవాటయ్యేదాకా తల ప్రాణం తోకకొచ్చింది.

నాకు ఇది బుర్రకెక్కింది ఆట ఆడుతూ కాదు, చెప్తే నవ్వుతారు. మా పెదనాన్నకి ఉలవపాడు దగ్గర సముద్రం పక్కన రొయ్యల చెరువులున్నాయి. సెలవుల్లో రాత్రి కాపలాకి నన్ను కూడా షెడ్డులో పడుకోబెట్టేవాళ్ళు, నేను ల్యాప్‌టాప్ పట్టుకుపోయేవాణ్ణి. చెరువు సంగతి తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే అంతే సంగతులు, అందుకని కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ దగ్గరికి ఉరకాలి. అలాగని గాలి ఒక్కటే చూసుకుంటే కాదు, చెక్ ట్రేలో మేత మిగిలిందా, నీళ్ళ రంగు మారిందా, అన్నీ ఒక కంట చూస్తూనే ఉండాలి. ఒక రాత్రి పెదనాన్న టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఆ నీలం గీత అడుక్కి పోతా ఉంది, నువ్వేమో ఆ పెద్దోడితో పెట్టుకున్నావు, ముందు దాని సంగతి చూడు అబ్బాయ్" అన్నాడు. ఆయన జీవితంలో చూసిన మొదటి వీడియో గేమ్ అది. ప్రాణం గీత ఏదో, తూటాల గీత ఏదో ఒక్క నిమిషంలో పట్టేశాడు, నేను నెల రోజులు పట్టుకోలేకపోయాను. అప్పట్నుంచి పెద్దవాడి వైపు చూడటం తగ్గించి గీతల వైపు చూడటం మొదలుపెట్టాను. చిన్నవాళ్ళని ముందే చంపేయకుండా తూటాల కోసం ఒకరిద్దర్ని బతకనివ్వడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

అక్కడిదాకా బాగుంది. ఆరో లెవెల్ ఏఆర్‌సీ కాంప్లెక్స్ చివర మరాడర్ అనే రాక్షసుడు వచ్చాడు.

ఈ ఆట ఆడినవాళ్ళు ఎక్కడ కలిసినా మాట్లాడుకునేది వీడి గురించే. చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో డాలు. దగ్గరికి పోతే షాట్‌గన్‌తో పేలుస్తాడు, దూరం పోతే గొడ్డలి మంటలు విసురుతాడు, డాలు మీద కాలిస్తే ఒక దెయ్యపు కుక్కని వదులుతాడు. బీఎఫ్‌జీ అనే పెద్ద తుపాకి కూడా వాడి డాలు ముందు దండగే. మధ్యస్థంగా నిలబడితే మాత్రం గొడ్డలెత్తి మీదికొస్తాడు, ఆ క్షణం కళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి, అప్పుడు కొడితేనే తగులుతుంది. అంతకు ముందు కాదు, తర్వాతా కాదు. ముందు వీడు, వెనక వాడి కుక్క, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా నేను. ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టలేదు గానీ, అమ్మ వచ్చి "ఏందిరా ఆ అరుపులు, పక్కింటోళ్ళు ఏమనుకుంటారు, ఇంట్లో రైస్ మిల్లు పెట్టావా" అన్న రోజు మాత్రం గుర్తుంది. ఆ రోజే మొదటి డిలీట్.

మొదలుపెట్టినప్పుడు మాది ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చి కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. జిల్లా మారింది గానీ నా సేవ్, అంటే నేను ఆట ఆపిన చోటు, మాత్రం మరాడర్ గుమ్మం ముందు అలాగే కూర్చుని ఉంది. ఆ వేసవిలో మళ్ళీ ఎక్కించుకుని, ఈసారి తుపాకుల మీటలు మార్చుకున్నాను. బలిస్టా అనే తుపాకి 'క్యూ' మీట మీద, సూపర్ షాట్‌గన్ 'ఈ' మీట మీద. ఒక తుపాకి పేల్చి వెంటనే రెండోదానికి మారితే మొదటిదాని ఆలస్యం ఉండదు, ఆట ఈ సంగతి గట్టిగా చెప్పదు, మనమే కనిపెట్టాలి. కళ్ళు పచ్చగా మెరవగానే బలిస్టా, వాడు తూలేలోపు షాట్‌గన్, మళ్ళీ బలిస్టా. నాలుగో రౌండులో పడిపోయాడు. ఏడాదిన్నర పగ నలభై సెకన్లలో తీరిపోయింది, ఇంతేనా అనిపించింది కూడా.

అందుకే ఇప్పుడు ఎవరైనా మరాడర్ అన్యాయం అంటే నేను ఒప్పుకోను. వాడికి ఒక పద్ధతుంది, ఆ పద్ధతి మారదు, మనం నేర్చుకుంటే చాలు. నాకు ఒళ్ళు మండేవి వేరే ఉన్నాయి, వాటి గురించి జనం తక్కువ మాట్లాడతారు.

ఒకటి ఆ ఊదారంగు బురద. గెంతడం, డాష్ చేయడం, ఎగరడం అన్నీ మప్పి, చేతులకి అలవాటు చేసి, తీరా ఒక చోట బురదలో దించి గెంతు లాగేసుకుంటుంది ఆట. ఎండగట్టిన రొయ్యల చెరువులో మోకాలి లోతు దిగబడి నడిచినవాడికి ఆ సుఖం తెలుసు, దాన్ని డబ్బులిచ్చి కొనుక్కుని ఆడాలా? అందులో ఏ నేర్పూ లేదు, ఓపిక ఒక్కటే. రెండోది గోడలెక్కుడు. యుద్ధం అయ్యాక ఊపిరి పీల్చుకోవడానికి పెట్టారట, గోడ పట్టుకుని, కడ్డీ పట్టుకుని ఊగి, తిరిగే మంటల గొలుసులు తప్పించుకుని అవతలికి పోవడం. కొన్ని సరదాగానే ఉన్నాయి. కొన్నిచోట్ల ఎటు గెంతాలో తెలియక కింద పడుతూ, పడిన ప్రతిసారీ కాస్త ప్రాణం పోగొట్టుకుంటూ, ఇది రాక్షసుల ఆటా, కోతి కొమ్మచ్చా అనిపించింది. కొత్త రాక్షసుడు కనిపించిన ప్రతిసారీ ఆట ఆపి "వీడి బలహీనత ఇది" అని పలక మీద రాసి చూపించడం ఒకటి. కకోడీమన్ నోట్లో గ్రెనేడు వేస్తే మింగి తూలిపోతుందన్న సంగతి నా అంతట నేను కనిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఈ ఆట దర్శకుడు హ్యూగో మార్టిన్ తన ఇంటర్వ్యూల్లో 'ఫన్ జోన్' అనే మాట వాడతాడు, ఆటగాణ్ణి ఆ జోన్‌లోకి తొయ్యడానికే ఇవన్నీ అని. మనిషి చెప్పింది నిజమే, ఆ జోన్ ఉంది, నేను చూశాను. అయితే వాళ్ళు గీసిన గీతలోనే ఆనందించాలన్న పట్టుదల కొంచెం ఎక్కువైంది. 2016లో వచ్చిన డూమ్ తర్వాత ఆడాను, అందులో నచ్చిన తుపాకి ఒక్కటి పట్టుకుని చివరిదాకా పోవచ్చు. ఇందులో కుదరదు. నాకిప్పుడు ఆ పాతది నిద్రొచ్చేలా అనిపిస్తోంది, అది వేరే విషయం.

అదనంగా కొనుక్కునే భాగాలు రెండున్నాయి. మొదటిది 2020 అక్టోబరులో, రెండోది 2021 మార్చిలో వచ్చాయి. మొదటి భాగం మొదటి పది నిమిషాల్లోనే, ఇది నేర్చుకోవడానికి వచ్చినవాడి కోసం కాదని తెలిసిపోతుంది. ఒకేసారి ఇద్దరు మరాడర్లని వదులుతారు. రాక్షసుల ఒంట్లో దూరే ఆత్మ ఒకటి ఉంటుంది, అది దూరినవాడు రెట్టింపు ఉరుకుతాడు, వాణ్ణి చంపాక బయటికొచ్చిన ఆత్మని ప్లాస్మా రైఫిల్ మైక్రోవేవ్ కిరణంతో మాత్రమే చంపాలి, ఆ కిరణం పట్టినంతసేపూ మనం నత్త నడక నడుస్తాం, చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? నాకు నచ్చలేదు, పూర్తి చేశాను కానీ నచ్చలేదు. రెండో భాగంలో సుత్తి చేతికొచ్చాక ఆట మళ్ళీ తేలికపడింది, ఇంకా చెప్పాలంటే మరీ తేలికపడింది.

స్లేయర్ గేట్లు మాత్రం వదలకండి. ఆరున్నాయి, తాళంచెవి వెతికి తెచ్చుకుని లోపలికి పోతే ఊపిరాడనివ్వని యుద్ధం, ఆరూ గెలిస్తే అన్‌మేకర్ అనే తుపాకి ఇస్తారు. తుపాకి కోసం కాదు, సూపర్ గోర్ నెస్ట్ అనే లెవెల్లో ఉన్న గేటు దాటిన రాత్రి నాకు రెండింటిదాకా నిద్ర పట్టలేదు, చేతులు వణుకుతూనే ఉన్నాయి. టెన్షన్ కాదు, అదో రకం పండగ.

ఇక మన ఊళ్ళ సంగతి. నా 1650 మీద టెక్స్‌చర్లు, అంటే బొమ్మల నాణ్యత, మీడియంలో పెడితే సెకనుకి 60 ఫ్రేములకి తగ్గకుండా నడిచింది, ఇంత హడావిడి ఆటకి అది గొప్పే. కానీ మే నెల మధ్యాహ్నం మా డాబా గదిలో ల్యాప్‌టాప్ మీద అట్టు పోయొచ్చు. కింద నాలుగు సీసా మూతలు పెట్టి ఎత్తు చేసి, టేబుల్ ఫ్యాన్ నా వైపు కాకుండా దాని వైపు తిప్పి ఆడేవాణ్ణి. కరెంటు పోయి బ్యాటరీ మీద పడిందంటే ఫ్రేములు సగానికి వస్తాయి, మరాడర్ సగానికి తగ్గడు కదా, వెంటనే పాజ్ కొట్టి బయటికి పోవడమే. మౌస్ లేకుండా టచ్‌ప్యాడ్‌తో ఆడదామనుకునేవాళ్ళకి దండం.

కొత్తగా కొనేవాళ్ళు 'హర్ట్ మీ ప్లెంటీ' అనే కష్టస్థాయితో మొదలుపెట్టండి. నేను రోషానికి పోయి మొదటే అంతకంటే కష్టమైన 'అల్ట్రా వయొలెన్స్' పెట్టుకున్నాను, అందుకే ఏడాదిన్నర పట్టింది. పదే పదే చస్తుంటే ఆటే జాలిపడి సెంటినెల్ ఆర్మర్ వేసుకుంటావా అని అడుగుతుంది, వేసుకుంటే దెబ్బలు తక్కువ తగులుతాయి. నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. మా బావ వేసుకున్నాడు, నాకంటే ముందే ఆట ముగించాడు, పెళ్ళి కూడా చేసుకున్నాడు.

ఇప్పుడు ఒంగోలులో ఉద్యోగం, ఆదివారాలు మాత్రమే ఆడుతున్నాను, ఒక్కటే ప్రాణంతో మొత్తం 13 లెవెళ్ళూ దాటాల్సిన అల్ట్రా నైట్‌మేర్. ఇప్పటిదాకా ఎక్కువ దూరం పోయింది తొమ్మిదోది, తరాస్ నబాద్ వరకు. అక్కడ చచ్చింది మరాడర్ చేతిలో కూడా కాదు, ఇంప్ అనే ఒక మామూలు చిన్న రాక్షసుడు విసిరిన నిప్పు ఉండకి. మళ్ళీ మొదటి లెవెల్లో ఉన్నాను.