పాత బొమ్మ రైలు మోటారు: బాగుచేయాలా, మార్చాలా?

పాత కరెంటు బొమ్మ రైలు కదలనప్పుడు ఉన్న మోటారును బాగుచేయవచ్చు, లేదా కొత్త చిన్న డీసీ మోటారును బిగించవచ్చు. నల్లగొండలో బోరు మోటార్లు చుట్టే మెకానిక్కులకు కొదవ లేదు గానీ, బొమ్మ రైలు మోటారులోని వెంట్రుకంత సన్నని తీగను చుట్టడానికి అందరూ ఒప్పుకోరు. కనుక ముందు వైండింగ్, అంటే మోటారులో చుట్టిన తీగ, బాగుందో లేదో చూసుకోవాలి. మూడు ధ్రువాల ఆర్మేచరైతే (తీగ చుట్టి ఉండి తిరిగే భాగం), దాని చివర కరెంటు అందుకునే రాగి ముక్కలను, అంటే కమ్యుటేటరు ముక్కలను, రెండేసి చొప్పున మల్టీమీటరుతో కొలిచినప్పుడు నిరోధం దాదాపు సమానంగా రావాలి. ఏ ముక్కకూ ఇరుసుతో కరెంటు కలయిక ఉండకూడదు.

ఈ పరీక్షలో నెగ్గిన మోటారును మార్చడం దండగ. కరెంటు తీసేసి, నల్లబడిన కమ్యుటేటరును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో రాగి మెరిసేదాకా తుడిచి, ముక్కల సందుల్లో ఇరుక్కున్న కార్బన్ పొడిని వెదురు పుల్లతో తీసి, కమ్యుటేటరుకు కరెంటు అందించే బ్రష్షులు అరిగితే మార్చి, బేరింగుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. మరీ ఎక్కువ వేస్తే నూనె కమ్యుటేటరు మీదికి పాకి మళ్లీ మసి పట్టిస్తుంది. శాశ్వత అయస్కాంతపు మోటారైతే ఆర్మేచరును ఊరికే బయటికి లాగకపోవడం మంచిది, పాత అయస్కాంతాల బలం అలాగే తగ్గిపోతుంది.

వైండింగ్ కాలిపోతే మాత్రం కొత్తదే మేలు. కరెంటూ తక్కువే తీసుకుంటుంది. అయితే పాత రైలు ఏసీ ట్రాన్స్‌ఫార్మరుతో నడిచేదైతే మధ్యలో ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయరు పెట్టాలి, ఇరుసు మందమూ గేరు పళ్లూ సరిపోవాలి.