మాత్ర వేళలు చూసుకుంటూ సముద్రం నుంచి సముద్రానికి

ఇంగ్లండులో పడమటి ఒడ్డున వైట్‌హేవెన్‌లో మొదలై తూర్పున టైన్‌మౌత్ దగ్గర మళ్లీ సముద్రాన్ని చేరే సైకిల్ దారిని అందరూ సీ టు సీ అంటారు. 1994లో తెరిచారు. దాదాపు 225 కిలోమీటర్లు. కుర్రాళ్లు మూడు రోజుల్లో లాగించేస్తారు. నేను ఐదు రోజులు పెట్టుకున్నాను. నా ప్రోస్టేట్ క్యాన్సర్ నాలుగో దశలో ఉంది, తుంటి ఎముకలోకీ వెన్నులోకీ పాకింది. పన్నెండు వారాలకోసారి హార్మోన్ ఇంజెక్షన్, రోజూ క్యాన్సర్‌ను అణిచే అబిరాటెరోన్ మాత్రలు. తోడుగా మా బావమరిది వచ్చాడు.

సైక్లింగ్‌లో ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన క్రిస్ హోయ్, తన ప్రోస్టేట్ క్యాన్సర్ నయమయ్యేది కాదని 2024 అక్టోబరులో చెప్పారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో గ్లాస్గోలో నాలుగో దశ రోగులను కూడా కలుపుకుని విరాళాల కోసం సైకిల్ యాత్ర పెట్టారు. అది చూశాక నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. నా యాత్రకు వచ్చే ప్రతి పౌండూ ఈ జబ్బు పరిశోధనకే అని ముందే చెప్పాను. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు విరాళం ఇచ్చేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెడితే, వాళ్లు కట్టిన పన్నులోంచి ప్రభుత్వం కొంత కలుపుతుంది, పది పౌండ్లు పన్నెండున్నర అవుతాయి. మీరెవరైనా విరాళాలు అడిగితే ఆ మాట మర్చిపోకుండా చెప్పండి.

డాక్టరుగారు నా స్కాన్లు మళ్లీ చూసి సరేనన్నారు, రెండు షరతులతో. హార్మోన్ చికిత్సతో కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, కాబట్టి పడకూడదు. వెన్నులో కొత్త నొప్పి వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా అక్కడికక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. అందుకే మోటారు సాయం ఉన్న ఈ-బైక్ తీసుకున్నాను. గంటకు 25 కిలోమీటర్ల దాకా మోటారు తోడొస్తుంది, లైసెన్సు అక్కర్లేదు. సీటు మధ్యలో ఖాళీ ఉన్నది వేయించాను. మామూలు సీటు మీద గంట కూర్చుంటే ఆ చోట మంట భరించలేను.

వైట్‌హేవెన్‌కు కార్లైల్ నుంచి తీరం వెంట రైలుంది. చిన్న రైలు, సైకిళ్లకు చోటు తక్కువ, ముందొచ్చినవాళ్లదే. గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉన్నాం కాబట్టి ఎక్కగలిగాం. ఆనవాయితీ ప్రకారం వెనక చక్రం సముద్రంలో తడిపి బయల్దేరాం.

ఇక బసల సంగతి. మాలాంటివాళ్లకు దారి కన్నా ఇదే ముఖ్యం. అబిరాటెరోన్ పరగడుపున వేసుకోవాలి. తిన్నాక కనీసం రెండు గంటలు ఆగి మాత్ర, ఆ తర్వాత ఇంకో గంట ఏమీ తినకూడదు. దాంతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర మాత్రం తిండితోనే. అంటే టిఫిను వేళ ఎవరి చేతిలో ఉందో మన రోజు కూడా వాళ్ల చేతిలోనే. కెజిక్‌లో దిగిన గెస్ట్‌హౌస్‌కు నా వైపు నుంచి పూర్తి మార్కులు. ముందురోజు రాత్రే ఇంటావిడ వచ్చి "మీ మాత్ర ఎన్నింటికి?" అని అడిగి, ఆరుకని చెబితే ఏడుంపావుకు వేడివేడిగా గంజి తెచ్చిపెట్టింది. బైక్ బ్యాటరీ వంటింట్లోనే ఛార్జింగ్ పెట్టింది. గది కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. హార్మోన్ చికిత్స వల్ల వచ్చే వేడి ఆవిర్లతో రాత్రి రెండుసార్లు చొక్కా మార్చుకునేవాడికి కిటికీ విలువ తెలుసు.

పెన్రిత్ దగ్గరి బస మాత్రం బాధపెట్టింది. గదిలోనే బాత్రూం కావాలని బుక్ చేసినప్పుడే రాశాను, ఫోనులోనూ చెప్పాను. తీరా వెళితే రెండో అంతస్తులో గది, బాత్రూం మెట్ల కింద. రాత్రి నాలుగుసార్లు లేచాను. చీకట్లో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే డాక్టరుగారి మొదటి షరతే చెవిలో వినబడింది. డబ్బు వాపసు అడగలేదు కానీ, జబ్బు ఉందని చెప్పిన మనిషి మాట చదవకుండా వదిలేయడం తప్పే.

కెజిక్ నుంచి త్రెల్‌కెల్డ్ దాకా పాత రైలు దారి ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చింది. 2015 డిసెంబరు తుఫానుకు వంతెనలు కొట్టుకుపోతే, బాగుచేసి 2020 డిసెంబరులో తిరిగి తెరిచారు. నున్నగా, వెడల్పుగా ఉంటుంది. వీల్‌ఛెయిర్లో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. పక్కనే గ్రెటా నది. మొత్తం దారికి ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క ముక్క తొక్కి వెళ్లినా చాలు.

మూడో రోజు హార్ట్‌సైడ్ కనుమ, 580 మీటర్ల ఎత్తు. మోటారు సాయం ఉన్నా ఐదుసార్లు ఆగాను. పైన ఒకప్పుడు సైక్లిస్టులందరూ ఆగే కెఫే ఉండేది, 2018లో కాలిపోయింది. కాబట్టి నీళ్లు, తిండి కిందే సర్దుకోండి. ఎక్కీ ఎక్కగానే ఆవిరి పట్టుకుంది. చెవులు కోసే చలిగాలి, లోపల మాత్రం మెడ నుంచి చెమట ధార. జాకెట్ విప్పితే వణుకు, వేసుకుంటే ఉడుకు. మా బావమరిది ఏమీ అనకుండా గాలికి అడ్డంగా నిలబడి, జాకెట్ నా భుజాల మీద ఎత్తి పట్టుకున్నాడు. నాలుగైదు నిమిషాల్లో తగ్గింది. అప్పుడు చూశాను, వచ్చిన కొండలన్నీ వెనక నీలంగా వరసకట్టి ఉన్నాయి.

ఆల్‌స్టన్ దాటాక ఊళ్లు దూరం దూరం. టాయిలెట్ల టెన్షన్ ఉన్నవాళ్లు రాడార్ తాళంచెవి కొని వెంట ఉంచుకోండి. దేశమంతా వికలాంగుల కోసం ఉన్న వేలాది టాయిలెట్లను ఆ ఒక్క చెవితో తెరవచ్చు. సామాను ఒక బస నుంచి ఇంకో బసకు చేరవేసే సర్వీసు పెట్టుకున్నాం, ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. పార్క్‌హెడ్ నుంచి కాన్సెట్ మీదుగా న్యూకాసిల్ దాకా ఎక్కువగా పాత రైలు దారులే, పల్లమే. ఒళ్లు అలిసిన రోజున అలాంటి దారి దొరకడం అదృష్టం.

టైన్‌మౌత్‌లో ముందు చక్రం తడిపేసరికి సాయంత్రం ఐదున్నర. మా బావమరిది ఫొటో తీస్తూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చిన నాలుగో రోజు రక్త పరీక్ష ఉంది. ప్రోస్టేట్ జబ్బు ఎలా ఉందో చెప్పే ఆ పీఎస్‌ఏ పరీక్షకు ముందు 48 గంటలు సైకిల్ తొక్కకూడదు. బైక్ కడిగి, గొలుసుకు నూనె పెట్టి షెడ్డులో ఉంచాను.